మంచం నుంచి పెరటి దాకా: కోనసీమలో ఒక మాజీ సైనికుడి ఇంటి సంరక్షణ (కేస్ స్టడీ)

రోగి వయసు 81. సైన్యంలో ఆర్టిలరీ (ఫిరంగి దళం)లో పదిహేడేళ్లు పనిచేసి హవల్దారుగా రిటైరయ్యారు. గోదావరి వైనతేయ పాయ పక్కన ఓ లంక గ్రామంలో పెంకుటిల్లు, ఎకరం కొబ్బరి తోట. పద్నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చేయీ బలహీనపడ్డాయి. బీపీ, షుగరు, ప్రొస్టేట్ వాపు ఉన్నాయి. తుపాకుల మోత మధ్య గడిపిన ఏళ్ల వల్ల రెండు చెవులూ మందగించాయి, ఎడమది మరీ ఎక్కువ. భార్యకు 73, మోకాళ్ల నొప్పులు. కొడుకు కువైట్‌లో ఉన్నాడు. కూతురు రావులపాలెంలో ఉంటుంది, వారానికోసారి వచ్చి వెళుతుంది.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. డెల్టాలో ఇలాంటి ఇళ్లలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే చిక్కులను ఒకచోట చేర్చి ఒక కేసుగా రాశాం. కొలతలు మాత్రం అలాగే వాడుకోవచ్చు. మందులూ మోతాదులూ మార్చేటప్పుడు డాక్టరు చూసి తీరాలి.

ఆరు నెలల్లో మూడుసార్లు ఆసుపత్రి

మొదటిసారి రాత్రి రెండింటికి పెరట్లో జారిపడి తుంటి దగ్గర దెబ్బ. ఎముక విరగలేదు గానీ మూత్రం ఆగిపోవడంతో కేథటర్ (మూత్రం గొట్టం) వేసి పంపారు. రెండోసారి కేథటర్ ఇన్ఫెక్షన్‌తో చలిజ్వరం. మూడోసారి తెల్లవారుజామున స్పృహ తప్పారు. షుగర్ 42. మూడు డిశ్చార్జి కాగితాల్లోనూ వైద్యం సరిగ్గానే ఉంది. మరుగుదొడ్డి ఎక్కడుంది, రాత్రి ఎవరు లేస్తారు, మందులు ఎవరెవరు ఇస్తున్నారు అన్న ప్రశ్నలు మాత్రం ఏ కాగితంలోనూ లేవు.

అమెరికాలో మాజీ సైనికుల శాఖ 1970ల నుంచి డాక్టరు, నర్సు, సోషల్ వర్కర్ కలిసిన బృందాన్ని ఇంటికే పంపే పద్ధతి నడుపుతోంది. మన దగ్గర 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) మంచి పథకమే, కానీ అది పాలీక్లినిక్ చుట్టూ అల్లింది. కాలు కదపలేని మనిషికి రానూపోనూ 130 కిలోమీటర్లంటే పథకం కార్డులోనే ఉండిపోతుంది. అందుకని ఈ ప్రణాళికను ఆసుపత్రి గడప దగ్గర్నుంచి కాకుండా ఆయన మంచం దగ్గర్నుంచి మొదలుపెట్టాం.

మొదటి సందర్శన చీకటి పడ్డాకే

పగలు వెళితే కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, ఇల్లు సర్ది ఉంటుంది. ఆయన్ని అడిగితే ‘ఆయ్, బాగానే ఉందండి’ అంటారు. పడిపోయేది రాత్రి కాబట్టి ఇల్లు చూడవలసిందీ రాత్రే. ఏడున్నరకు వెళ్లి, ఆయన రోజూ నడిచే దారినే టార్చి లేకుండా మేమూ నడిచి, టేపుతో కొలిచాం.

మంచం నుంచి మరుగుదొడ్డికి 14 మీటర్లు. దారిలో రెండు గడపలు, దిగడానికి మూడు మెట్లు, బోరింగు పక్కన నాచు పట్టిన నాపరాయి. వీధి వసారాలో బల్బు ఉంది, పెరటివైపు లేదు. మరుగుదొడ్డి తలుపు వెడల్పు 60 సెంటీమీటర్లు, ఆయన చక్రాల కుర్చీ వెడల్పు 63. లోపల కింద కూర్చునే దొడ్డి. పక్షవాతం వచ్చిన మనిషి రాత్రికి నాలుగుసార్లు ఈ దారిన వెళుతుంటే, పడడం ఇన్నాళ్లు ఆలస్యమైనందుకే ఆశ్చర్యపోవాలి.

ఏం చేశామంటే:

నవారు మంచం మధ్యలో కుంగిపోయి ఉంది. దాని మీంచి లేవాలంటే రెండు చేతులూ కావాలి, ఆయనకు ఒక్కటే పనిచేస్తోంది. చెక్క మంచం వేసి, కోళ్ల కింద దుంగలు పెట్టి, పరుపుతో కలిపి 48 సెంటీమీటర్ల ఎత్తుకు తెచ్చాం. కూర్చున్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. అలా ఆనే ఎత్తే సరైన ఎత్తు.

గడప తీసేయమని ఎవరికీ చెప్పకూడదు. పసుపు రాసి బొట్లు పెట్టే గడప అది. దానికి రెండువైపులా ఏటవాలు చెక్కలు బిగించాం. గడప ఎత్తు 9 సెంటీమీటర్లు, చెక్క పొడవు ఒక్కోవైపు 110. సెంటీమీటరు ఎత్తుకు పన్నెండు సెంటీమీటర్ల పొడవు అనే లెక్క. వడ్రంగులు దీన్ని 50కి కుదించేస్తారు, ‘చాలండి, ఎక్కుతుంది’ అంటారు. కుర్చీని తోసేది 73 ఏళ్ల మోకాళ్లని గుర్తుచేస్తే మళ్లీ కోస్తారు.

పట్టుకోవడానికి మొదట కొబ్బరి తాడు కట్టి ఉంచారు ఇంట్లోవాళ్లు. తాడు లాగితే సాగుతుంది, తేమకు కుళ్లుతుంది, అసలు ఆపవలసినప్పుడే ఊగుతుంది. దాని బదులు అంగుళం జీఐ పైపు వేశాం. దాని బయటి మందం 33 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి ముసలి చేతికి పట్టు బాగా కుదురుతుంది. ఎత్తు 85 సెంటీమీటర్లు. ఇక్కడిది ఇసుక నేల, స్తంభం గుంత 45 సెంటీమీటర్ల లోతు తవ్వి కాంక్రీటు పోయకపోతే మొదటి వానకే వదులవుతుంది. పైపు వెళ్లేటప్పుడు ఆయన కుడిచేతి వైపు ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు అదే పైపు ఎడమవైపు పడుతుంది. ఈ సంగతి మరిచిపోయి ఒకవైపే వేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. మేమూ మొదట ఒకవైపే వేయించాం, వారం తర్వాత రెండోవైపు వేయించాల్సి వచ్చింది.

నాపరాయిని బ్లీచింగ్ పౌడరుతో కడిగి, ఉలితో గరుకు చేయించాం. మంచం కిందా వసారాలోనూ మనిషి కదిలితే వెలిగే చార్జింగ్ దీపాలు పెట్టాం. కరెంటు పోయినా వెలగాలి కాబట్టి ప్లగ్గు దీపాలు వద్దు. గుమ్మంలోని పీచు పట్టా తీసేశాం, హవాయి చెప్పుల బదులు వెనక పట్టీ ఉన్నవి ఇచ్చాం.

ఇంత చేసినా రాత్రి ప్రయాణం ఆగాలంటే మంచం పక్కనే కమోడ్ కుర్చీ ఉండాలి. ధర రెండు మూడు వేల రూపాయలు. తెప్పించాం. పది రోజులు వాడలేదు. గోడకు అవతల దేవుడి గది. ‘పడుకునే చోటా?’ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆ అభ్యంతరాన్ని మూర్ఖత్వంగా చూస్తే కేసు అక్కడితో సరి. మంచాన్ని దేవుడి గది గోడ నుంచి జరిపి వసారా వైపు గదిలోకి మార్చాం, మధ్యలో తెర కట్టాం, మూతున్న డబ్బాను తెల్లవారి దీపం పెట్టకముందే ఖాళీ చేసే ఏర్పాటు చేశాం. అప్పటికీ ఒప్పించింది మేం కాదు. ఊళ్లోని ఓ రిటైర్డ్ నాయక్ వచ్చి, ‘మంచుకొండల మీద పోస్టులో డబ్బాలు వాడలేదా సాబ్, ఇదీ పోస్టే’ అన్నాడట. ఆ రాత్రి నుంచి వాడుతున్నారు.

చాప మీద మందులు

ఇంట్లో ఉన్న మందులన్నీ, డబ్బాల్లోవీ, బీరువా మీదవీ, కొడుకు కువైట్ నుంచి పంపినవీ చాప మీద పరిపించాం. పదిహేడు స్ట్రిప్పులు. రసాయనం పేరు చూసి వేరుచేస్తే తేలినవి తొమ్మిది మందులే. షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ రెండు కంపెనీల పేర్లతో ఉంది, ఒకటి పాలీక్లినిక్‌లో ఇచ్చింది, రెండోది ఊళ్లో కొన్నది. పేర్లు వేరు కాబట్టి రెండూ వేసుకుంటున్నారు. ఆ రోజు రాత్రి ఆకలి లేదని మజ్జిగన్నం రెండు ముద్దలు తిని పడుకున్నారు. షుగర్ 42కి పడిపోవడానికి ఇంకేం కావాలి?

ఎనభై దాటి, పక్షవాతం వచ్చిన మనిషికి షుగరును కత్తిమీద సాములా తగ్గించనక్కర్లేదు. మూడు నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ 8 దగ్గర ఉన్నా చాలు. తక్కువైతే ఒక్క రాత్రిలో ప్రాణం మీదికొస్తుంది, కొంచెం ఎక్కువైతే అంత తొందరేం లేదు. డాక్టరు గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపి, కిడ్నీ పరీక్ష చూసి మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంచారు.

రెండో చిక్కు కోనసీమ మార్కుది. బీపీకి టెల్మిసార్టాన్, కాళ్ల వాపుకు స్పైరనోలాక్టోన్ వాడుతున్నారు. రెండూ ఒంట్లో పొటాషియంను నిలబెట్టేవే. దానికితోడు ‘వేడి చేసింది’ అని రోజుకు మూడు బొండాలు. ఒక్కో బొండం నీళ్లలో అర గ్రాముకు పైనే పొటాషియం ఉంటుంది. రక్తంలో పొటాషియం 5.8 వచ్చింది. ఇంకాస్త పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం. తోటలో కాసేదాన్ని తాగొద్దంటే ఎవరూ వినరు. అందుకే ‘ఈ మాత్రా, ఈ బొండమూ పొసగవు’ అని ఆ స్ట్రిప్పు మీదే తెలుగులో రాసి పెట్టాం. డాక్టరు స్పైరనోలాక్టోన్ తీసేశారు, పది రోజులకు మళ్లీ పరీక్ష చేస్తే 4.7. ఇప్పుడు వారానికి రెండు బొండాలు. ఉప్పు సంగతి చెప్పాలంటే ఆవకాయకన్నా ఎండుచేపలే ఎక్కువ ఇబ్బంది. ఆవకాయ అంచుకు రాసుకుంటారు, ఎండుచేపల పులుసైతే గిన్నెడు కలుపుకుంటారు.

మాత్రల్ని స్ట్రిప్పులోంచి ముందే తీసి డబ్బాలో పోయకూడదు. ఈ తేమకు వారంలో మెత్తబడతాయి. స్ట్రిప్పును కత్తెరతో మాత్ర మాత్రగా కత్తిరించి, రేకుతో సహా నాలుగు గదుల డబ్బాలో వేయించాం.

ఊరి ఆర్‌ఎంపీతో తగువు పెట్టుకోవద్దు. రాత్రి రెండింటికి పిలిస్తే వచ్చేది ఆయనే. ఆయనకూ ఒక కాగితం ఇచ్చాం: నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వద్దు (బీపీ, కిడ్నీ), స్టెరాయిడ్ వద్దు, కొత్త మాత్ర ఇచ్చే ముందు బీరువాకు అంటించిన పట్టిక చూడాలి. స్పృహ తప్పితే ముందు షుగర్ చూడాలి, నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఆయనకు గౌరవం ఇచ్చి చేర్చుకుంటే కాపలా కాస్తాడు, పక్కన పెడితే మన పట్టికకు పోటీ పట్టిక తయారవుతుంది.

కేథటర్, చర్మం, గొంతు

కేథటర్ వేసి ఏడు వారాలైంది. మామూలు రబ్బరు కేథటర్‌ను నాలుగు వారాలకు మించి ఉంచకూడదు, పూర్తి సిలికాన్‌దైతే పన్నెండు వారాల దాకా ఆగుతుంది. వేసినప్పుడు తేదీ ఎక్కడా రాయలేదు. ప్రొస్టేట్ వాపుకిచ్చే టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములు వారం వాడాక పగటిపూట, ఆసుపత్రిలో, తీసి చూశారు. మూత్రం వచ్చింది. టామ్సులోసిన్ మొదలుపెట్టాక కొన్ని రోజులు లేవగానే తల తిరగవచ్చు. రాత్రి మాత్ర వేసుకుని పడుకోవడం, లేచేముందు మంచం అంచున ఒక నిమిషం కూర్చోవడం నేర్పాం.

నడుం కింద రూపాయి బిళ్లంత పుండు పడింది. ఇంట్లో పౌడరు చల్లుతున్నారు, స్పిరిట్ రాస్తున్నారు. చెమటతో పౌడరు గడ్డకట్టి ఇసుకలా ఒరుసుకుంటుంది, స్పిరిట్ చర్మాన్ని ఎండగడుతుంది. రెండూ ఆపించాం. ఎర్రబడ్డ చోట మర్దన చేయకూడదు. రెండు గంటలకోసారి ఒత్తిగిల్లించడం, వీపు వెనక దిండుతో ముప్ఫై డిగ్రీల వాలు, మడమల కింద దిండు పెట్టి గాల్లో ఉంచడం. ఎడమవైపు ఎక్కువసేపు పడుకోబెట్టకూడదు, అక్కడ స్పర్శ తక్కువ కాబట్టి నొప్పి తెలియదు. ఆయన బరువు 54 కిలోలు. పుండు మానాలంటే రోజుకు 65 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు గుడ్లు, నూట యాభై గ్రాముల చేప, రెండు గరిటెల గట్టి పప్పు, గ్లాసు పాలు కలిపినా అరవై దాటవు, కాబట్టి సాయంత్రం వేయించిన శనగలు నూరిన పొడిని జావలో కలిపించాం. పుండు ఐదు వారాల్లో మూసుకుంది.

పల్చని గంజి తాగితే పొలమారుతోంది. పక్షవాతం తర్వాత గొంతుకు చిక్కటివాటికన్నా నీళ్లే కష్టం. రాగిజావ, గట్టి పెరుగు, మెత్తగా పిసికిన అన్నం బాగా దిగుతాయి. నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కాస్త దించాలి, తిన్న తర్వాత అరగంట పడుకోకూడదు.

ఆయన భార్య

ఈ ఇంట్లో మొత్తం సంరక్షణ ఆమె చేతుల మీదే నడుస్తోంది. మొదటి నెల ఆమెను ఎవరూ, మేము కూడా, రోగిగా చూడలేదు. రాత్రికి నాలుగుసార్లు లేస్తున్నారు. బీపీ కొలిస్తే 168/96, మందు ఆపి మూడు నెలలైంది, ‘ఆయన మందులకే తిరగలేక’. ఆమె పడిపోతే ఈ ప్రణాళిక ఒక్క రోజు కూడా నిలబడదు.

లేవదీయడం నేర్పాం. చక్రాల కుర్చీ ఎప్పుడూ బలమైన వైపు, అంటే ఆయన కుడివైపు, మంచానికి ఓరగా. బ్రేకు వేయాలి, పాదాల పలకలు మడవాలి. చంకల్లో చేతులు వేసి లాగకూడదు. సైన్యంలో వాడిన ఆయన పాత వెబ్ బెల్టును (మందపాటి నేత పట్టీ) నడుముకు కట్టి, దాన్ని పట్టుకుని లేపాలి. బకిల్ పొట్టకు గుచ్చుకోకుండా కింద తువ్వాలు. ‘ఏక్, దో, తీన్’ అనగానే ఆయనే సగం లేస్తారు, అది ఒంటికి పట్టిన అలవాటు. తెలుగులో ‘లేవండి’ అంటే కదలని మనిషి!

రాత్రి లేపేటప్పుడు భుజం పట్టి కుదపకూడదు. 1971లో తూర్పు సరిహద్దులో పనిచేసిన మనిషి, నిద్రలో చేయి విసురుతారు. మంచం కాళ్లవైపు నిలబడి, పేరు చెప్పి, పాదం తాకాలి. మాట్లాడేటప్పుడు కుడిచెవి వైపు, ఎదురుగా, మామూలు గొంతుతో మాట్లాడాలి. అరిస్తే మాట మరింత చెదురుతుంది. వినికిడి యంత్రానికి పాలీక్లినిక్ నుంచి రాయించుకోవచ్చు.

రెండోసారి ఆసుపత్రిలో మూడో రాత్రి ఆయన గొడవ చేశారు, చేతులు వణికాయి, ‘మతి పోయింది’ అనుకున్నారు. ఏళ్ల తరబడి రాత్రి పూట క్యాంటీన్ రమ్ము అలవాటు. చేరినప్పుడు ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజులకు ఇలాగే ఉంటుంది. ఆసుపత్రి సంచిలో పెట్టిన కాగితంలో ఇప్పుడు మొదటి వాక్యం అదే.

నలభై ఏళ్ల రిటైర్డ్ సైనికులు

సిపాయిలు నలభై ఏళ్ల వయసుకే ఇంటికి వచ్చేస్తారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊళ్లలో ఇంటింటికీ ఒకరున్నారు. ఈ లంకలో తొమ్మిది మంది. హిందీ వచ్చు, ప్రథమ చికిత్స వచ్చు, ఆఫీసు కాగితాలంటే భయం లేదు. డెల్టాలో ఇంటి సంరక్షణకు ఇంతకన్నా తయారుగా ఉన్న మనుషులు దొరకరనే మా అభిప్రాయం. బడ్డీ పద్ధతిలో ఐదుగురు ఒప్పుకున్నారు. వారంలో రెండు రాత్రులు ఒకరు వసారాలో పడుకుంటారు, ఆ రెండు రాత్రులూ ఆమె పక్కింట్లో నిద్రపోతారు. నెలకోసారి ఒకరు వెళ్లి, ఊళ్లోని పెద్దవాళ్ల కార్డులూ చీటీలూ పట్టుకెళ్లి, అందరి మందులూ ఒకేసారి తెస్తారు. పాలీక్లినిక్‌లో లేని మందులకు లోకల్ పర్చేజ్ (బయట కొని ఇవ్వడం) పడుతుంది, అది రెండోసారి తిరగాల్సిన పని. అందుకే మిగిలిన మాత్రలు పది రోజులకు తగ్గకముందే బయల్దేరాలి.

రిపోర్టు ఉదయం ఏడింటికి. ‘ఎలా ఉన్నారు’ అంటే ‘ఠీక్’ తప్ప ఏమీ రాదు. అంకెలు అడగాలి: రాత్రి ఎన్నిసార్లు లేచారు, నొప్పి పదికి ఎంత, మూత్రం మంట ఉందా లేదా. అంకెల్లో అడిగితే దాచరు.

ఇక్కడా పొరపాట్లు జరిగాయి. మొదటి నెలలోనే ఓ కుర్రాడు ఎడమ చేయి పట్టి లేపాడు. పట్టు తప్పిన భుజం కీలు కిందికి జారి, మూడు వారాలు నొప్పి. ఇప్పుడు కూర్చున్నప్పుడు ఆ మోచేతి కింద దిండు, నిలబడితే చేతికి ఊతం. ఇంకొకరు పలకరించడానికి సీసాతో వచ్చారు. ఊడ్పులప్పుడూ సంక్రాంతికీ రోస్టర్ చెడిపోయింది. ఆ రెండు కాలాల్లో కూతురు వచ్చి వారం ఉండాలని ముందే రాసుకున్నాం.

కాగితాలు

ఆయనకు 80 నిండి ఏడాది దాటింది. 80కి ప్రాథమిక పెన్షన్ మీద 20 శాతం అదనం రావాలి, 85కి 30, 90కి 40. సైనిక పెన్షన్ల స్పర్శ్ పోర్టల్లో చూస్తే జమ కావడం లేదు. డిశ్చార్జి బుక్కులో పుట్టిన సంవత్సరమే ఉంది, తేదీ లేదు. భార్య పేరు పీపీఓ (పెన్షన్ ఉత్తర్వు)లో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంది, పల్టన్ గుమాస్తా చెవికి వినబడ్డట్టు రాశాడు. ఇలాంటివి ఆయన బతికుండగా సరిదిద్దితే ఒక దరఖాస్తు, తర్వాతైతే ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆమె నెలల తరబడి తిరగాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్స్ ఆఫీసుకు రెండూ పంపించాం. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కు అరిగిపోయిన వేళ్లు పడవు, ముఖం గుర్తింపుతో ఫోన్లోనే పూర్తవుతుంది. పగటి వెలుతురులో, వసారాలో చేయాలి.

అత్యవసరంలో జాబితాలో లేని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే 48 గంటల్లో పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. ఆ నంబరు గోడ మీద ఉంది.

గోదావరి

ఎగువన భద్రాచలం దగ్గర మొదటి వరద హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులకు. 2022 జూలైలో భద్రాచలంలో 71 అడుగులు దాటినప్పుడు లంకల్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. పడవలో కూర్చోలేని మనిషికి మూడో హెచ్చరిక దాకా ఆగడం కుదరదు. భద్రాచలంలో మొదటి హెచ్చరిక రాగానే సంచి సర్దాలి: పదిహేను రోజుల మందులు ప్లాస్టిక్ డబ్బాలో, ఈసీహెచ్‌ఎస్ కార్డు, మందుల పట్టిక, వెబ్ బెల్టు, కమోడ్ కుర్చీ. ధవళేశ్వరంలో మొదటిది రాకముందే, కాజ్‌వే మునగకముందే, ఆయన్ని రావులపాలెంలో కూతురింటికి చేర్చాలి. పుండ్లు పడకుండా వాడే, కరెంటుతో నడిచే గాలి పరుపు కరెంటు పోతే గంటల్లో చప్పబడి పలకమీద పడుకున్నట్టవుతుంది. దాని కింద ఎప్పుడూ నాలుగంగుళాల ఫోమ్ ఉండాలి.

ఆరు నెలల తర్వాత

పడడం మళ్లీ జరగలేదు. ఒక రాత్రి తూలితే పైపు ఆపింది. ఆసుపత్రిలో ఒక్కసారి, ఛాతీలో నెమ్ముతో, నాలుగు రోజులున్నారు. సంక్రాంతి నాటి అరిసె గొంతులో పొలమారింది, జావ నియమం పండక్కి సడలించారు. ఆమె బీపీ 140కి వచ్చింది. ఇరవై శాతం అదనం ఇంకా జమ కాలేదు. మరుగుదొడ్డి తలుపు వెడల్పు చేయించడం మిగిలింది. గోడ పగలగొడితే పైకప్పు రేకు దిగుతుందని మేస్త్రీ అంటున్నాడు, పక్కకు జరిపే తలుపు పెడితే ఏడు సెంటీమీటర్లు కలిసొస్తాయి. ఆమె కుడి మోకాలికి ఆపరేషన్ అవసరమని తేలింది. అదైతే ఆరు వారాలు ఆమె ఎవరినీ లేపకూడదు. ఆ ఆరు వారాలూ కొత్త నీరు రాకముందే, ఏప్రిల్, మే నెలల్లో పడేలా తేదీ అడుగుతున్నాం.